జీడీపీ, నిరుద్యోగితల్లో ట్రెండ్‌నూ సైకిల్‌నూ విడదీయడం ఎలా: అంచెలవారీ మార్గదర్శి

"జీడీపీ డేటా డౌన్‌లోడ్ చేశాను, హెచ్‌పీ ఫిల్టర్ వేశాను, గ్యాప్ వచ్చింది. ఇది కరెక్టేనా?" అర్థశాస్త్రం పీజీ చేస్తున్నవాళ్లూ, డేటా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ట్రెండ్ అంటే అంకెల దీర్ఘకాలపు దారి. దాని నుంచి పైకీ కిందికీ ఊగే తేడాయే సైకిల్, దాన్నే గ్యాప్ అంటారు. ఈ రెండింటినీ విడదీసే లెక్కల్లో ఒకటి హెచ్‌పీ ఫిల్టర్. ఫిల్టర్ వేయడం రెండు నిమిషాల పని. దానికి ముందు చేసే తయారీ, తర్వాత పెట్టే పరీక్ష, ఈ రెండింటి మీదే జవాబు ఆధారపడి ఉంటుంది. ముఖ్యంగా చివరి రెండు మూడేళ్ల అంచనా సంగతి చూసుకోవాలి. అందరికీ కావలసింది అదే, అన్నిటికంటే నమ్మకం తక్కువైందీ అదే.

ఇక్కడ అమెరికా డేటాతో చూపిస్తున్నాను. అక్కడ త్రైమాసిక వాస్తవ జీడీపీ (ధరల పెరుగుదల తీసేసినది) 1947 నుంచి, నెలవారీ నిరుద్యోగిత రేటు 1948 జనవరి నుంచి దొరుకుతాయి. రెండూ సీజనల్ సర్దుబాటు చేసినవే, అంటే ఏటా అవే నెలల్లో వచ్చే ఎగుడుదిగుళ్లు తీసేసినవే, రెండూ ఉచితం. చేయి తిరిగాక మన దేశ డేటాకి రావచ్చు. అక్కడ అదనంగా ఏం చూసుకోవాలో 10వ అంచెలో ఉంది.

## 1. కంప్యూటర్ తెరవకముందే ప్రశ్న రాసుకోండి

ట్రెండ్‌ను ఏ గణాంక సంస్థా కొలవదు. మనకు కనబడేది జీడీపీ ఒక్కటే. దాన్ని ట్రెండ్‌గా, సైకిల్‌గా చీల్చేది మనం పెట్టుకున్న ఊహ. ఊహ మారితే గ్యాప్ మారుతుంది. కాబట్టి ఈ మూడింటికీ జవాబులు ముందే కాగితం మీద పెట్టండి.

☐ గతాన్ని వర్ణించాలా, ఇప్పటి పరిస్థితి చెప్పాలా? 1981-82 మాంద్యం ఎంత లోతో చెప్పడానికి ముందువెనకల డేటా రెండూ వాడే ఫిల్టర్ సరిపోతుంది. ఈ త్రైమాసికంలో ఎక్కడున్నామో చెప్పాలంటే అది సరిపోదు.

☐ సైకిల్ అంటే ఎంత కాలం? అర్థశాస్త్రంలో వాడుక 6 నుంచి 32 త్రైమాసికాలు, అంటే ఏడాదిన్నర నుంచి 8 ఏళ్లు.

☐ ట్రెండ్ అంటే నున్నటి సగటు దారా, లేక ద్రవ్యోల్బణం పెరగకుండా ఆర్థిక వ్యవస్థ మోయగల ఉత్పత్తా? రెండోదైతే జీడీపీ ఒక్కటే చాలదు, ధరల డేటా కూడా మోడల్‌లోకి రావాలి.

సైకిల్ అన్నాం కదా అని గుండ్రంగా, సమానంగా తిరుగుతుందనుకోవద్దు. అమెరికాలో మాంద్యాల తేదీలు ఖరారు చేసే నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ లెక్కలో 1980 జులైలో మొదలైన విస్తరణ సరిగ్గా ఏడాదికే ముగిసింది. 1991 మార్చిలో మొదలైనది పదేళ్లు సాగింది.

## 2. డేటా తెచ్చుకోవడం, శుభ్రం చేయడం

సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే ఫ్రెడ్ సైట్‌లో జీడీపీసీ1 అనే సిరీస్ వాస్తవ జీడీపీ, యూఎన్‌రేట్ అనే సిరీస్ నిరుద్యోగిత రేటు. పేరులో చివరి "సీ1" లేకుండా ఒట్టి జీడీపీ అని తీసుకుంటే నామమాత్రపు విలువ వస్తుంది. ధరలు ఎగబాకిన 1970లలో దాన్ని ఫిల్టర్ చేస్తే ద్రవ్యోల్బణమే బూమ్‌లా కనబడుతుంది.

నిరుద్యోగిత నెలవారీ, జీడీపీ త్రైమాసికం. రెండింటినీ ఒకే కొలతకు తేవాలంటే మూడు నెలల సగటు తీయాలి, చివరి నెల విలువ తీసుకోకూడదు. తేడా ఎంతో 2020లో చూడండి. ఏప్రిల్‌లో 14.8, మేలో 13.2, జూన్‌లో 11.0 శాతం. సగటు 13.0. చివరి నెల తీసుకుంటే 11.0. ఒక్క సెట్టింగ్ వల్ల ఈ సిరీస్‌లోని అతిపెద్ద శిఖరంలో 2 పాయింట్లు మాయమవుతాయి. సాఫ్ట్‌వేర్‌లో త్రైమాసికంగా మార్చే ఆప్షన్ "సగటు" మీద ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

ఇంకొకటి. అమెరికా జీడీపీ స్థాయిలు వార్షిక రేటులో ఇస్తారు, అంటే త్రైమాసిక ఉత్పత్తిని 4తో హెచ్చించిన అంకె. లాగ్ తీశాక ఈ 4 వల్ల నష్టం లేదు. కానీ వృద్ధి రేటు చదివేటప్పుడు జాగ్రత్త. 2020 రెండో త్రైమాసికంలో ఉత్పత్తి అంతకు ముందు త్రైమాసికంతో పోలిస్తే దాదాపు 8 శాతం పడింది. అదే పతనం నాలుగు త్రైమాసికాలు వరసగా సాగితే అన్న లెక్కన వార్షికం చేస్తే దాదాపు 28 శాతం. పత్రికల్లో కనిపించేది ఈ రెండో రకం అంకె, మన ఫిల్టర్‌కి కావలసింది మొదటిది.

మొదలుపెట్టే ముందు:

☐ వాస్తవ జీడీపీయేనా?
☐ రెండు సిరీస్‌లూ సీజనల్ సర్దుబాటు చేసినవేనా?
☐ రెండూ 1948 మొదటి త్రైమాసికం నుంచే మొదలవుతున్నాయా?
☐ మధ్యలో ఖాళీ గడులు ఉన్నాయా?
☐ డౌన్‌లోడ్ చేసిన తేదీ ఫైలు పేరులో ఉందా? జీడీపీ అంకెలు సవరణకు గురవుతూనే ఉంటాయి. ఆరు నెలల తర్వాత మీ గ్యాప్ మీకే తిరిగి రాకపోతే కారణం వెతుక్కోవడానికి ఆ తేదీ ఒక్కటే ఆధారం.

## 3. లాగ్, ఆ తర్వాత ఉత్త గ్రాఫ్

జీడీపీకి సహజ లాగ్ తీసి 100తో హెచ్చించండి. అప్పుడు ట్రెండ్ నుంచి 1 యూనిట్ తేడా అంటే సుమారు 1 శాతం. నిరుద్యోగిత రేటు ఇప్పటికే శాతంలో ఉంది కాబట్టి దానికి లాగ్ అక్కర్లేదు. దాని గ్యాప్ పర్సంటేజీ పాయింట్లలో ఉంటుంది.

ఫిల్టర్ వేయకముందు లాగ్ జీడీపీ గ్రాఫ్‌ను ఓ ఐదు నిమిషాలు తీరిగ్గా చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1973 దాకా ఏడాదికి సగటున దాదాపు 4 శాతం పెరిగిన గీత, 2000 తర్వాత దాదాపు 2 శాతానికి చదునుబడుతుంది. మొత్తానికీ ఒకే సరళరేఖ గీస్తే 2008 తర్వాత కాలమంతా తేరుకోని మాంద్యంలా కనబడుతుంది. అది సైకిల్ కాదు, వృద్ధి వేగం తగ్గడం. అందుకే ఒకే సరళరేఖ ట్రెండ్‌ను నేను మొదట్లోనే పక్కన పెడతాను. పెట్టక తప్పదంటే విరిగిన చోటు ఎక్కడో చెప్పి, కారణం కూడా రాయాలి.

## 4. మొదటి అంచనా: హెచ్‌పీ ఫిల్టర్

హోడ్రిక్, ప్రెస్కాట్‌ల పేరు మీద ఉన్న ఈ ఫిల్టర్ రెండు కోరికల మధ్య బేరం. ట్రెండ్ డేటాకు దగ్గరగా ఉండాలి, తన వాలును తరచూ మార్చుకోకూడదు. రెండో కోరికకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పేది లామ్డా. దాన్ని వెదురు బద్ద బిగువు అనుకోండి. బిగువు ఎక్కువైతే బద్ద వంగదు, ట్రెండ్ సరళరేఖ అవుతుంది. బిగువు పోతే డేటా ఎటు తిరిగితే అటు తిరిగి, సైకిల్ అంటూ ఏమీ మిగలదు.

త్రైమాసిక డేటాకు 1600 ఎక్కడి నుంచి వచ్చింది? సైకిల్ విచలనం 5 శాతం, ట్రెండ్ వృద్ధి రేటులో ఒక త్రైమాసికంలో మార్పు ఒక శాతంలో ఎనిమిదో వంతు అనుకున్నారు. 5ను 0.125తో భాగిస్తే 40, దాని వర్గం 1600. అంతే, దైవవాక్కు కాదు.

డేటా వార్షికమైతే 6.25, నెలవారీ అయితే 1,29,600 వాడండి. సూత్రం తేలికే: పౌనఃపున్యాల (డేటా ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో ఆ సంఖ్యల) నిష్పత్తికి నాలుగో ఘాతం. 1600ను 4 యొక్క నాలుగో ఘాతం 256తో భాగిస్తే 6.25. 3 యొక్క నాలుగో ఘాతం 81తో హెచ్చిస్తే 1,29,600. వార్షిక డేటా మీద డిఫాల్ట్‌గా ఉన్న 1600 వదిలేయడం నేను చూసే రిపోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు.

పని క్రమం:

1. లాగ్ జీడీపీ మీద ఫిల్టర్ వేయండి. పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్, ఆర్‌లో ఎమ్‌ఫిల్టర్, కోడ్ రాయడం ఇష్టం లేకపోతే గ్రెటల్.
2. ఏ కాలమ్ ఏదో చూసుకోండి. స్టాట్స్‌మోడల్స్ ముందు సైకిల్‌ని, తర్వాత ట్రెండ్‌ని ఇస్తుంది. చాలామంది తిరగేసి రాసుకుంటారు. సున్నా చుట్టూ తిరిగేదే సైకిల్.
3. ట్రెండ్‌నీ, అసలు డేటానీ ఒకే గ్రాఫ్‌లో గీయండి. మాంద్యాల్లో ట్రెండ్ కూడా కిందికి వంగుతుంటే ఫిల్టర్ మాంద్యాన్ని మింగేస్తోందని అర్థం.

దీని అసలు బలహీనత అంచుల దగ్గర. మధ్యలో ఉన్న త్రైమాసికానికి రెండు వైపులా డేటా ఉంటుంది, చివరిదానికి ఒకే వైపు. అందుకే చివరి కొద్ది అంకెలు ట్రెండ్‌ను తమవైపు లాగేసుకుంటాయి. కొంత ఉపశమనం కావాలంటే, ఫిల్టర్ వేసే ముందు సాధారణ ఆటోరిగ్రెషన్‌తో (గత విలువల నుంచి తర్వాతి విలువను ఊహించే లెక్కతో) 8 నుంచి 12 త్రైమాసికాల అంచనాను డేటా చివర అతికించండి. ఫిల్టర్ వేశాక ఆ భాగం కత్తిరించేయండి.

మధ్యలో కూడా ఓ చిక్కు ఉంది. 2008 తర్వాత వచ్చిన పతనం 2006-07 నాటి ట్రెండ్‌నూ కిందికి గుంజుతుంది. దాంతో ఆ రెండేళ్లలో ఆర్థిక వ్యవస్థ బాగా వేడెక్కి ఉన్నట్టు గ్రాఫ్ చెబుతుంది. 2007లో కూర్చుని అదే ఫిల్టర్ వేసినవాళ్లకు ఆ వేడి అంతగా కనబడలేదు. భవిష్యత్తు తెలిశాక రాసిన జాతకం అది.

## 5. రెండో అంచనా: హామిల్టన్ రిగ్రెషన్

హెచ్‌పీ ఫిల్టర్ వాడొద్దని గట్టిగా వాదిస్తూ ఆర్థికవేత్త జేమ్స్ హామిల్టన్ 2018లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఆలోచన సూటిగా ఉంటుంది. రెండేళ్ల కిందట తెలిసిన సమాచారంతో ఈరోజు జీడీపీని ఎంతవరకు ఊహించగలం? ఊహకు అందినది ట్రెండ్, అందనిది సైకిల్.

1. ఇప్పటి లాగ్ జీడీపీ ఎడమవైపు పెట్టండి.
2. కుడివైపు ఒక స్థిరాంకం, 8, 9, 10, 11 త్రైమాసికాల కిందటి విలువలు.
3. మామూలు లీస్ట్ స్క్వేర్స్ రిగ్రెషన్. మిగిలిన శేషమే సైకిల్.

ఎక్సెల్‌లో కూడా అయిపోతుంది. మొదటి 11 పరిశీలనలు పోతాయి. 1947 మొదటి త్రైమాసికం నుంచి డేటా ఉంటే సైకిల్ 1949 నాలుగో త్రైమాసికంలో మొదలవుతుంది. వెనకటి డేటానే చూస్తుంది కాబట్టి రేపటి అంకె నిన్నటి గ్యాప్‌ను పెద్దగా కదిలించదు. గుణకాలు మారినంత మేరకే తేడా.

అయితే ఇదీ గంగిగోవేం కాదు. పెద్ద షాక్ తగిలితే 8 త్రైమాసికాల తర్వాత దాని ప్రతిధ్వని వినబడుతుంది. 2020 రెండో త్రైమాసికపు గోతిని ఆధారం చేసుకుని 2022 రెండో త్రైమాసికాన్ని ఊహిస్తే ఊహ చాలా కిందికి వస్తుంది, శేషం ఆకాశానికి ఎగురుతుంది. గ్రాఫ్‌లో కనిపించే ఆ బూమ్ నిజం కాదు, అంకగణితం.

## 6. బ్యాండ్‌పాస్ ఫిల్టర్: ఎప్పుడు వాడాలి

బ్యాక్స్‌టర్-కింగ్ ఫిల్టర్‌లో మీరు 6, 32 అని చెబితే ఆ నిడివి మధ్య ఊగిసలాటలనే ఉంచుతుంది. చరిత్ర వర్ణనకు బాగుంటుంది. మామూలు సెట్టింగ్‌లో రెండు చివర్లా 12 త్రైమాసికాల చొప్పున పోతాయి కాబట్టి ఇటీవలి మూడేళ్ల గురించి అది ఏమీ చెప్పదు. ఇది లోపమని కొందరంటారు. తెలియనిచోట నోరు మూసుకునే ఫిల్టర్ నాకైతే ముచ్చటగానే ఉంటుంది.

## 7. మూడో అంచనా: జీడీపీ, నిరుద్యోగిత ఉమ్మడిగా

సమయం ఉంటే ఇక్కడే పెట్టండి. జీడీపీ ఒక్కదాన్నే చూసే ఫిల్టర్‌కి, పడిపోయినది ట్రెండా సైకిలా తేల్చుకోవడానికి రెండో సాక్షి లేదు. నిరుద్యోగిత ఆ సాక్షి.

మోడల్ ఇలా ఉంటుంది:

- లాగ్ జీడీపీ = ట్రెండ్ + సైకిల్
- నిరుద్యోగిత = నెమ్మదిగా కదిలే సహజ రేటు (సైకిల్ సున్నా అయినప్పుడు ఉండే నిరుద్యోగిత) + గుణకం × ఇప్పటి సైకిల్ + మరో గుణకం × గత త్రైమాసికపు సైకిల్ + చిన్న దోషం
- ట్రెండ్ వృద్ధి రేటు మెల్లగా మారే యాదృచ్ఛిక నడక (గత విలువకు ఒక చిన్న యాదృచ్ఛిక మార్పు కలిపితే వచ్చేది)
- సైకిల్ తన రెండు గత విలువల మీద ఆధారపడుతూ చివరికి సున్నాకు చేరే ప్రక్రియ

గత త్రైమాసికపు సైకిల్ ఎందుకంటే, ఉద్యోగాలు ఉత్పత్తి వెనకాలే నడుస్తాయి. అమ్మకాలు పడిన రోజే కంపెనీలు మనుషుల్ని తీసేయవు, తేరుకున్న రోజే పిలవవు. 2009 జూన్‌లో మాంద్యం ముగిసినట్టు లెక్క. నిరుద్యోగిత 10.0 శాతం శిఖరాన్ని తాకింది అక్టోబరులో.

దీన్ని కాల్మన్ ఫిల్టర్‌తో, అంటే కంటికి కనబడని ట్రెండ్, సైకిల్‌లను డేటా వచ్చేకొద్దీ సవరిస్తూ పోయే లెక్కతో, అంచనా కట్టాలి. ఒక్క సిరీస్‌కైతే స్టాట్స్‌మోడల్స్‌లో అన్‌అబ్జర్వ్‌డ్ కాంపొనెంట్స్ అనే రెడీమేడ్ మోడల్ ఉంది. రెండు సిరీస్‌లకు ఒకే సైకిల్ పెట్టాలంటే స్టేట్-స్పేస్ రూపం మీరే రాసుకోవాలి. అందరూ ఇరుక్కునే చోట్లు నాలుగు:

ట్రెండ్ విచలనం సున్నాకు అతుక్కుపోవడం. ట్రెండ్ వృద్ధి నిజంగా మారుతున్నా, ఆ మార్పు చిన్నది కాబట్టి గరిష్ఠ సంభావ్యత పద్ధతి దాన్ని సున్నా అని తేల్చేస్తుంది. ఫలితంగా మళ్లీ సరళరేఖే వస్తుంది. విరుగుడు: ఆ విచలనాన్ని సైకిల్ విచలనంలో ఒక చిన్న నిష్పత్తిగా బిగించండి, లేదా బేసియన్ పద్ధతిలో ముందస్తు అంచనా ఇవ్వండి. ఏది చేసినా బయటికి చెప్పండి.

సైకిల్ 20 ఏళ్ల నిడివికి సాగిపోవడం. సైకిల్ కాలానికి కనిష్ఠ, గరిష్ఠ హద్దులు మీరే ఇవ్వండి.

ఆరంభ విలువలను బట్టి జవాబు మారడం. ఒకే చోట నుంచి మొదలుపెట్టి వచ్చినదాన్ని నమ్మొద్దు. వేర్వేరు ఆరంభ విలువలతో నడిపి, ఎక్కువ సంభావ్యత ఉన్నదాన్ని తీసుకోండి.

స్మూత్‌డ్, ఫిల్టర్‌డ్ కలిపేయడం. స్మూత్‌డ్ అంచనా మొత్తం డేటా చూశాక ఇచ్చేది. ఫిల్టర్‌డ్ అంచనా ఆ తేదీ దాకా ఉన్న డేటాతోనే ఇచ్చేది. "అప్పట్లో ఏం తెలిసేది?" అన్న ప్రశ్నకు రెండోదే వాడాలి.

ఈ పద్ధతిలో అదనపు లాభం: అంచనా చుట్టూ విశ్వాస పట్టీ దానంతటదే వస్తుంది. చాలాసార్లు అది సున్నాను కూడా కలుపుకుని ఉంటుంది. చూసి నిరాశపడొద్దు, గ్రాఫ్‌లోంచి తీసేయొద్దు.

## 8. 2020ని ఏం చేయాలి?

అమెరికా నిరుద్యోగిత 2020 ఫిబ్రవరిలో 3.5 శాతం, ఏప్రిల్‌లో 14.8. ఇది మామూలు సైకిల్ కాదు, షట్టర్లు దించడం. తాత్కాలికంగా ఇంటికి పంపినవాళ్లు చాలామంది కొద్ది నెలల్లోనే తిరిగి పనిలోకి వచ్చారు. దీన్ని మామూలు డేటాలా మోడల్‌కి తినిపిస్తే విచలనాలన్నీ ఉబ్బిపోతాయి, పాత మాంద్యాల ఆకారం కూడా మారిపోతుంది.

- కాల్మన్ పద్ధతిలో: 2020 రెండు, మూడు త్రైమాసికాలను "డేటా లేదు" అని గుర్తు పెట్టండి, లేదా ఆ త్రైమాసికాలకు మాత్రమే పెద్ద విచలనం ఇవ్వండి.
- హెచ్‌పీలో: ఆ రెండు విలువలను పక్కవాటి మధ్య సరళరేఖతో పూరించి ట్రెండ్ తీయండి. సైకిల్ లెక్కకు మాత్రం అసలు విలువే వాడండి.
- హామిల్టన్‌లో: గుణకాలను 2019 నాలుగో త్రైమాసికం దాకా డేటాతో కట్టి, తర్వాతి కాలానికి అన్వయించండి. 2022 శిఖరం దగ్గర గ్రాఫ్ మీదే హెచ్చరిక రాయండి.

మొత్తం డేటాతో ఒకసారి, ఇలా సర్దిన డేటాతో ఒకసారి చేసి 2015 నాటి గ్యాప్ పోల్చండి. ఐదేళ్ల వెనకటి అంకె గట్టిగా కదిలితే మీ మోడల్ 2020కి లొంగిపోయిందన్నమాట.

## 9. చివరి అంచు పరీక్ష

ఈ ఒక్క అంచె వదిలేస్తే పైవన్నీ చేసీ ప్రయోజనం లేదు.

1. డేటాను 1999 నాలుగో త్రైమాసికం దగ్గర కత్తిరించండి. ఫిల్టర్ వేయండి. చివరి గ్యాప్ విలువ ఒక్కటి రాసుకోండి.
2. ఒక త్రైమాసికం కలపండి. మళ్లీ ఫిల్టర్, మళ్లీ చివరి విలువ.
3. ఇలా ఇప్పటిదాకా రండి. కోడ్‌లో ఒక లూప్.
4. రాసుకున్న విలువలన్నీ ఒక గీత. మొత్తం డేటాతో ఒకేసారి వచ్చిన గ్యాప్ మరో గీత. రెండూ ఒకే గ్రాఫ్‌లో వేయండి.
5. రెండింటి తేడా "సవరణ". దాని ప్రామాణిక విచలనాన్ని గ్యాప్ ప్రామాణిక విచలనంతో భాగించండి. ఎన్ని త్రైమాసికాల్లో గుర్తు, అంటే ప్లస్ మైనస్, మారిందో లెక్కపెట్టండి.

పోలికలో చివరి మూడేళ్లను వదిలేయండి, అక్కడ మొత్తం డేటా గ్యాప్ కూడా ఇంకా స్థిరపడలేదు. నిష్పత్తి 0.5 దాటితే నేను ఆ పద్ధతితో ఇప్పటి గ్యాప్‌ను ఒకే అంకెగా చెప్పను, పరిధిగానే చెబుతాను. 1 దగ్గరకు వస్తే ఇప్పటి పరిస్థితి గురించి ఆ పద్ధతిని వాడను. ఈ హద్దులు నావి. మీరు మార్చుకోవచ్చు, కానీ ఫలితం చూశాక కాదు, చూడకముందు.

ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే, ఆనాడు నిజంగా ప్రచురించిన అంకెలే వాడాలి. ఫ్రెడ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ అనే విభాగంలో ఏ తేదీన ఏ అంకె అందుబాటులో ఉందో దొరుకుతుంది. ఆర్థికవేత్తలు ఆర్ఫనైడిస్, వాన్ నార్డెన్ 2002లో అమెరికా డేటా మీద ఈ పనే చేసి చూపించారు. సవరణలు గ్యాప్ అంత పెద్దవిగా తేలాయి. అందులో ఎక్కువ భాగం జీడీపీ అంకెల సవరణ వల్ల కాదు, అంచు దగ్గర ట్రెండ్ నిలకడగా లేకపోవడం వల్ల. అందుకే ఆల్‌ఫ్రెడ్ దాకా వెళ్లే ఓపిక లేకపోయినా, పై ఐదు మెట్ల పరీక్ష మానొద్దు.

### నిరుద్యోగితతో ఎదురు సాక్ష్యం

ఆర్థికవేత్త ఆర్థర్ ఓకున్ 1962లో గమనించిన సంబంధం ఇక్కడ పనికొస్తుంది. నిరుద్యోగిత 1 పాయింటు పెరుగుదలకు ఉత్పత్తిలో దాదాపు 3 శాతం లోటు అని ఆయన లెక్క. ఇప్పుడు సాధారణంగా 2 శాతం దరిదాపుల్లో వాడతారు. అంటే ఉత్పత్తి గ్యాప్ మైనస్ 3 అయితే నిరుద్యోగిత సహజ రేటుకన్నా ఒకటిన్నర పాయింటు పైన ఉండాలి.

2011 తీసుకోండి. హెచ్‌పీ ఫిల్టర్ 1600తో అమెరికా ఉత్పత్తి గ్యాప్‌ను అప్పటికే సున్నా దరిదాపులకు తెచ్చేస్తుంది. ఆ ఏడాది సగటు నిరుద్యోగిత 8.9 శాతం. రెండూ ఒకేసారి నిజం కావాలంటే సహజ రేటే 9 దగ్గర ఉండాలి. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు వేసే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ అంచనా 5 శాతం దరిదాపుల్లోనే ఉంది. తర్వాతి కాలంలో నిరుద్యోగిత 4 కిందికి దిగినా ధరలు అదుపు తప్పలేదు, 2019 దాకా. ఇక్కడ తప్పు ఫిల్టర్‌ది. నిరుద్యోగిత మీద కూడా అదే 1600 వేస్తే, దాని ట్రెండ్ కూడా మాంద్యంతో పాటు పైకి వంగి రెండు తప్పులూ చక్కగా ఏకీభవిస్తాయి. అందుకే నిరుద్యోగిత ట్రెండ్‌కు ఇంకా బిగువైన లామ్డా పెట్టండి, లేదా 7వ అంచెలోని ఉమ్మడి మోడల్‌కి వెళ్లండి.

## 10. మన దేశ డేటాకు వస్తే

సీజనల్ సర్దుబాటు మీరే చేయాలి. కేంద్ర గణాంక శాఖ ఇచ్చే త్రైమాసిక జీడీపీ సర్దుబాటు లేకుండా వస్తుంది. అమెరికా సెన్సస్ బ్యూరో ఉచితంగా ఇచ్చే ఎక్స్-13 ప్రోగ్రామ్ వాడండి. దీపావళి తేదీ మారుతుంది కదా అన్న టెన్షన్ త్రైమాసిక డేటాలో అక్కర్లేదు. అక్టోబరులో వచ్చినా నవంబరులో వచ్చినా అదే త్రైమాసికం. నెలవారీ పారిశ్రామిక ఉత్పత్తి సూచీకైతే ఆ సర్దుబాటు తప్పనిసరి.

త్రైమాసికాల లెక్క. ఇక్కడ మొదటి త్రైమాసికం అంటే ఏప్రిల్-జూన్. అమెరికా ఫైలుతో కలిపేటప్పుడు "క్యూ1"ని "క్యూ1"తో జత చేస్తే మొత్తం ఒక త్రైమాసికం జరిగిపోతుంది. నెలల పేర్లతో జత చేయండి.

ఏడాదికి ఏడాది వృద్ధి సైకిల్ కాదు. 2020 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిందని మొదట ప్రకటించారు. అది అంతకు ముందు ఏడాది అదే త్రైమాసికంతో పోలిక. మరుసటి ఏడాది అదే గోతి వల్ల వృద్ధి ఎగిరింది. మలుపులు ఎక్కడున్నాయో తెలియాలంటే సర్దుబాటు చేసిన స్థాయిల మీదే పని చేయాలి.

బేస్ ఇయర్ (ధరలకు ప్రాతిపదికగా తీసుకునే సంవత్సరం) మారినప్పుడు స్థాయిలను నేరుగా అతికించొద్దు. రెండు సిరీస్‌లూ ఉన్న కాలంలో నిష్పత్తి తీసి పాతదాన్ని వెనక్కి లాగండి. అతుకు దగ్గర గ్యాప్‌లో మెట్టు కనబడితే అది ఆర్థిక వ్యవస్థ కాదు, మీ అతుకు.

నిరుద్యోగిత డేటా పొట్టిది. కేంద్రం చేసే శ్రామిక శక్తి సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, 2017 ఏప్రిల్‌లో మొదలైంది. చాలా ఏళ్లు త్రైమాసిక బులెటిన్లు పట్టణాలకే పరిమితం. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మారి నెలవారీ అంకెలు వస్తున్నాయి. ఇంత పొట్టి సిరీస్‌లో 8 ఏళ్ల సైకిల్‌ను వెతకడం కుదరని పని. పైగా వారం ప్రాతిపదికన లెక్కించే రేటు, ఏడాది ప్రాతిపదికన లెక్కించే రేటు వేర్వేరు. రెండింటినీ ఒకే గీతలో కలపకండి. మార్పులను మాత్రమే చదవండి, సహజ రేటు జోలికి పోకండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రాష్ట్రాల జీఎస్‌డీపీ (రాష్ట్ర స్థాయి జీడీపీ) ప్రధానంగా వార్షికం. 2014 జూన్ 2న విభజన. 2011-12 బేస్ సిరీస్‌లో రెండు రాష్ట్రాలకూ విడివిడిగా 2011-12 నుంచే అంకెలు ఉన్నాయి. అంటే చేతిలో దాదాపు పదిహేను పాయింట్లు. వాటి మీద ఏ ఫిల్టర్ వేసినా సగం పాయింట్లు అంచులోనే ఉంటాయి. వ్యవసాయం, పరిశ్రమ, సేవలు విడగొట్టి వృద్ధి రేట్లు చూపడం అంతకంటే నిజాయితీగా ఉంటుంది.

## 11. తేడా కొడితే ఎక్కడ వెతకాలి

- సైకిల్ సగటు సున్నాకు దూరంగా ఉంది: ట్రెండ్, సైకిల్ కాలమ్‌లు తారుమారు. ఏళ్ల తరబడి సున్నాకు ఒకే వైపు ఉండిపోతే: విరుపును పట్టించుకోని సరళరేఖ.
- గ్యాప్ ప్రతి నాలుగో త్రైమాసికంలో ఎగురుతోంది: సీజనల్ సర్దుబాటు జరగలేదు.
- గ్యాప్ అంకెలు 0.02, 0.03 లా ఉన్నాయి: 100తో హెచ్చించడం మరిచిపోయారు.
- ట్రెండ్ మాంద్యంలో కిందికి దూకుతోంది: లామ్డా పౌనఃపున్యానికి సరిపోవడం లేదు.
- కొత్త త్రైమాసికం కలపగానే మూడేళ్ల కిందటి గ్యాప్ మారింది: అది తప్పు కాదు, రెండువైపులా చూసే ఫిల్టర్ స్వభావం. 9వ అంచెలో ఎంత మారుతుందో కొలిచి చెప్పండి.

## 12. బయటపెట్టే ముందు

☐ డేటా తేదీ, బేస్ ఇయర్, సర్దుబాటు వివరం గ్రాఫ్ కింద ఉన్నాయా?
☐ కనీసం రెండు వేర్వేరు స్వభావం గల పద్ధతులు ఒకే గ్రాఫ్‌లో ఉన్నాయా? 1600, 1400 లామ్డాలతో రెండు హెచ్‌పీలు వేస్తే రెండు పద్ధతులు కావు.
☐ లామ్డా, హద్దులు, 2020ని ఎలా సర్దారో రాశారా?
☐ అంచు పరీక్షలో సవరణ నిష్పత్తి ఎంతో చెప్పారా?
☐ ఓకున్ సంబంధంతో పోల్చారా? తేడా ఉంటే దాచకుండా పెట్టారా?
☐ చివరి 8 త్రైమాసికాల గీతను చుక్కల గీతగా మార్చారా?
☐ వాక్యంలో "గ్యాప్ మైనస్ 1.3" అని ఉంటే, పక్కనే పరిధి ఉందా?